తొలి గెలాక్సీలను ఎందుకు వెతుకుతారు? ఎలా పట్టుకుంటారు?

"గంత దూరంల ఉన్నదని ఎట్ల చెప్తరు సార్? టేపు పట్టుకొని కొలిచిండ్రా?"

నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ ఎదుట చాయ్ తాగుతూ ఒక విద్యార్థి వేసిన ప్రశ్న ఇది. అతని ఫోన్‌లో ఉన్న వార్త మామ్-జడ్14 అనే గెలాక్సీ గురించి. ఎంఐటీలో పనిచేసే రోహన్ నాయుడు నాయకత్వంలోని బృందం 2025లో ప్రకటించిన గెలాక్సీ అది. విశ్వం పుట్టి 28 కోట్ల ఏళ్లు గడిచేసరికే అది వెలుగుతూ ఉంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు కాబట్టి, దాని వెలుగు మనల్ని చేరడానికి దాదాపు 1,350 కోట్ల ఏళ్లు పట్టింది. పక్కనున్న ఇంకో అబ్బాయి, "సరే సార్, దొరికింది. దొరికితే మనకేమొస్తది?" అన్నాడు.

రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండోదానికి జవాబు పొట్టిది. అది ముందు చెప్పేస్తాను.

విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లో తయారైన సరుకు చాలా తక్కువ రకాలది: హైడ్రోజన్, హీలియం, కాస్తంత లిథియం. ఎముకల్లో ఉన్న కాల్షియం, నెత్తుట్లో ఉన్న ఇనుము, పీల్చే గాలిలోని ఆక్సిజన్, పొలానికి చల్లే యూరియాలోని నైట్రోజన్, ఇవేవీ అప్పుడు లేవు. అవన్నీ తర్వాత నక్షత్రాల కడుపుల్లో వండినవే. మరి ఆ వంట మొదలైంది ఎప్పుడు? మొదటి నక్షత్రాలు ఎంత పెద్దవి? అవి గుంపులు కట్టి గెలాక్సీలుగా మారడానికి ఎంతకాలం పట్టింది? ఇవి తేలాలంటే అప్పటి గెలాక్సీలనే చూడాలి. వెలుగు ఆలస్యంగా వస్తుంది కాబట్టి అప్పటివాటిని ఇప్పుడు చూడటం కుదురుతుంది కూడా. అందుకే ఈ వెతుకులాట.

ఇందులో ఒక తగాదా కూడా ఉంది. 2021 డిసెంబరు 25న జేమ్స్ వెబ్ టెలిస్కోపు పైకి వెళ్లేదాకా ఖగోళ శాస్త్రవేత్తల లెక్క ఏమిటంటే, మొదటి యాభై కోట్ల ఏళ్లలో గెలాక్సీలు కొద్దిగానే ఉంటాయి, చిన్నవిగా, మసకగా ఉంటాయి అని. వెబ్ చూపించింది వేరు. అనుకున్నదానికంటే ఎక్కువ గెలాక్సీలు, అనుకున్నదానికంటే ప్రకాశంగా కనబడ్డాయి. అప్పట్లో వాయువు త్వరత్వరగా నక్షత్రాలుగా మారిందా, లేక నక్షత్రాలు ఆగి ఆగి ఒక్కసారిగా పుట్టుకొచ్చాయా, లేక దుమ్ము తక్కువగా ఉండటం వల్ల వెలుగు అడ్డంకి లేకుండా బయటపడిందా అన్నది ఇంకా తేలలేదు. పేపర్లలో "పాత రికార్డు బద్దలు" అని వేసే హెడ్డింగు కంటే నాకు ఈ తగాదాయే రుచిగా ఉంటుంది.

ఇక పొడుగు జవాబు.

దూరాన్ని ఎవరూ నేరుగా కొలవలేరు. ఆకాశంలో మసకగా కనబడే చుక్క దూరంలో ఉన్న పెద్ద గెలాక్సీ కావచ్చు, దగ్గరున్న చిన్న గెలాక్సీ కావచ్చు, మన పాలపుంతలోనే ఉన్న చల్లారిన చిన్న నక్షత్రం కూడా కావచ్చు. వెలుగు ఎంత తగ్గిందన్నది చూసి దూరం చెప్పడం కుదరదు. చూడాల్సింది వెలుగు ఎంత సాగిందన్నది.

పల్లీపట్టీ చేసేటప్పుడు పాకం వేడిగా ఉండగానే చేతులకు నెయ్యి రాసుకొని సాగదీస్తే పల్లీలు ఒకదాని నుంచి ఒకటి దూరం జరుగుతాయి. పల్లీలు మాత్రం పెరగవు, వాటి మధ్య ఉన్న పాకమే సాగుతుంది. విశ్వంలో గెలాక్సీల మధ్య ఉన్న శూన్యం అట్లా సాగుతోంది. ఆ శూన్యంలో ప్రయాణం చేస్తున్న వెలుగు తరంగం కూడా దానితోపాటే సాగుతుంది. ఎంత ఎక్కువకాలం దారిలో ఉంటే అంత ఎక్కువ సాగుతుంది. బయలుదేరినప్పుడు అతినీలలోహిత కాంతిగా ఉన్నది, మన దగ్గరికి వచ్చేసరికి కంటికి కనబడని పరారుణ కాంతి అవుతుంది. ఈ సాగుదలకే రెడ్‌షిఫ్ట్ అని పేరు. మామ్-జడ్14 రెడ్‌షిఫ్ట్ 14.44. అంటే దాని నుంచి బయలుదేరిన ప్రతి తరంగం 15.44 రెట్లు పొడుగై మనకు చేరింది. ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందంటే, రెడ్‌షిఫ్ట్ సున్నా అయితే తరంగం ఉన్నంతే ఉంటుంది, అంటే ఒక రెట్టు. అందుకని ఎప్పుడూ ఒకటి కలుపుకోవాలి.

దగ్గరి గెలాక్సీలకు ఈ లెక్క పనిచేయదు. కార్తీకమాసంలో అమావాస్య దగ్గర పడ్డాక, డిచ్‌పల్లి ఖిల్లా రామాలయం గుట్ట మీది నుంచి ఉత్తరం వైపు పైకి చూస్తే, లైట్ల వెలుగు, వరికొయ్యలు కాల్చిన పొగ అడ్డం రాకపోతే, ఆండ్రోమెడా గెలాక్సీ చిన్న మసక మరకలా కంటికే కనబడుతుంది. దాని దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు. అది మనకు దూరం పోవడం లేదు, మన వైపే వస్తోంది. దగ్గరివాళ్ల మధ్య గురుత్వాకర్షణ గెలుస్తుంది, దూరం పెరిగేకొద్దీ సాగుడు గెలుస్తుంది.

సాగుదలను కొలవడానికి ఒక గుర్తు కావాలి. తరంగం ఇప్పుడెంత పొడుగు ఉందో కొలవగలం, కానీ బయలుదేరినప్పుడు ఎంత ఉందో తెలియకపోతే ఏం లాభం? ఇక్కడ హైడ్రోజన్ సాయం చేస్తుంది. హైడ్రోజన్ పరమాణువుకు ఒక ఖచ్చితమైన అలవాటుంది. 0.1216 మైక్రాన్ల పొడుగున్న కాంతి తగిలితే మింగేస్తుంది. తొలి రోజుల్లో గెలాక్సీల మధ్య అంతా మామూలు హైడ్రోజన్ వాయువే పరుచుకొని ఉండేది. గెలాక్సీ నుంచి వచ్చిన వెలుగులో అంతకంటే పొట్టి తరంగాలు దారిలో సాగుతూ సాగుతూ ఎక్కడో ఒకచోట సరిగ్గా ఆ పొడుగుకు వస్తాయి, అక్కడున్న హైడ్రోజన్‌కు దొరికిపోతాయి. అందుకని అలాంటి గెలాక్సీ వర్ణపటం, అంటే ఏ పొడుగు తరంగంలో ఎంత వెలుగుందో చూపే గ్రాఫు, గీస్తే ఒక వైపు వెలుగు ఉంటుంది, ఒక గీత దాటగానే ఏమీ ఉండదు. గుట్ట అంచు తెగినట్టు నిలువుగా పడిపోతుంది.

మామ్-జడ్14 గ్రాఫునే తీసుకోండి. కుడి చేతి వైపు నుంచి, అంటే పొడుగు తరంగాల వైపు నుంచి వస్తుంటే వెలుగు ఉంటుంది. 1.88 మైక్రాన్ల దగ్గరికి రాగానే సున్నాకు పడిపోతుంది. 1.88ని 0.1216తో భాగించండి. దాదాపు పదిహేనున్నర వస్తుంది. అందులోంచి ఒకటి తీసేయండి. పద్నాలుగున్నర. శాస్త్రవేత్తలు గ్రాఫులోని ప్రతి చుక్కనూ, అందులో కనబడే మూలకాల గీతలనూ లెక్కలోకి తీసుకొని 14.44 అని సరిచేస్తారు. కానీ లెక్క సారం ఇంతే, ఇంటర్ పిల్లలు కూడా చేయగలరు. టేపు ఇదే.

ఇప్పుడు ఇంకో విషయం అర్థమవుతుంది. మన కంటికి 0.7 మైక్రాన్ల దాకానే కనబడుతుంది. హబుల్ టెలిస్కోపు చూపు 1.7 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. 1.88 దగ్గర మొదలయ్యే వెలుగు హబుల్‌కు ఎంతసేపు చూసినా కనబడదు. చూపు పదును లేక కాదు, అక్కడ దానికి కన్నే లేదు. వెబ్‌కు 6.5 మీటర్ల అద్దం, పరారుణ కాంతిని పట్టే పరికరాలు పెట్టింది ఇందుకే. భూమి నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలబెట్టి, ఐదు పొరల తెర అడ్డుపెట్టి, అద్దాన్ని సున్నాకు 220 డిగ్రీల కిందకి చల్లార్చింది కూడా ఇందుకే. వేడిగా ఉన్న వస్తువు తానే పరారుణ కాంతి వెదజల్లుతుంది కాబట్టి, టెలిస్కోపు వెచ్చగా ఉంటే తన వెలుగు తనకే అడ్డం.

అయితే వర్ణపటం గీయడం ఖర్చుతో, సమయంతో కూడిన పని. ఫొటోలో కనబడే వేలాది చుక్కల్లో దేనికి గీయాలి? మొదట జల్లెడ పడతారు. ఒకే చోటును వేర్వేరు ఫిల్టర్లతో ఫొటోలు తీస్తారు. ఒక చుక్క 2.8 మైక్రాన్ల ఫిల్టర్‌లో కనబడి 1.5 మైక్రాన్ల ఫిల్టర్‌లో పూర్తిగా మాయమైతే, ఆ రెంటి మధ్య ఎక్కడో ఆ అంచు తెగి ఉండాలి. అనుమానితుల జాబితాలో దాని పేరు రాసుకుంటారు. ఆ తర్వాతే వర్ణపటం.

అనుమానితుడు అన్న మాట కావాలనే వాడాను, ఎందుకంటే వీటిలో దొంగలు ఉంటారు. 2022లో సీర్స్-93316 అనే చుక్క మీద పెద్ద హడావుడి జరిగింది. ఫిల్టర్ల లెక్క ప్రకారం రెడ్‌షిఫ్ట్ 16 చుట్టుపక్కల, అంటే అప్పటికి అన్నిటికంటే దూరం. 2023లో వర్ణపటం తీస్తే రెడ్‌షిఫ్ట్ 4.9 అని తేలింది. విశ్వానికి 120 కోట్ల ఏళ్లు వచ్చాక ఉన్న మామూలు గెలాక్సీ. దానిలోని వేడి వాయువు నుంచి ఆక్సిజన్, హైడ్రోజన్ గీతలు మరీ బలంగా వెలిగి, కొన్ని ఫిల్టర్లలో వెలుగును పెంచి, అంచు తెగినట్టు భ్రమ కలిగించాయి. అదే పరిశీలనలో, శాస్త్రవేత్త స్టీవెన్ ఫింకెల్‌స్టీన్ కూతురి పేరు పెట్టిన మైసీ గెలాక్సీ మాత్రం నిలబడింది. దాని రెడ్‌షిఫ్ట్ 11.4. కాబట్టి ఇకమీద వార్తల్లో "అత్యంత దూరపు గెలాక్సీ" అని చదివితే ముందు వర్ణపటం తీశారా అని వెతకండి. తీయకపోతే అది ఇంకా అనుమానితుడే.

వర్ణపటం మీద కూడా ఇంకో సాక్ష్యం దొరికితే ఇంకా మంచిది. జేడ్స్-జీఎస్-జడ్14-0 అనే గెలాక్సీ విషయంలో అదే జరిగింది. వెబ్ దాని రెడ్‌షిఫ్ట్ 14.3 అంది. చిలీలో ఐదు వేల మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా రేడియో టెలిస్కోపులు అదే చోట వెతికితే ఆక్సిజన్ గీత దొరికింది. బయలుదేరినప్పుడు 88 మైక్రాన్లుండే ఆ గీత 1.3 మిల్లీమీటర్లకు పైగా సాగి వచ్చింది. దానితో లెక్క 14.18కి సర్దుకుంది. 2025 మార్చిలో ఈ సంగతి చెప్పిన రెండు బృందాలకూ లెక్క కంటే ఆక్సిజన్ దొరకడమే పెద్ద ఆశ్చర్యం. విశ్వానికి 30 కోట్ల ఏళ్లు కూడా నిండకముందే అక్కడ ఒక తరం నక్షత్రాలు పుట్టి, చచ్చి, తమ వంటను బయట పారబోసేశాయన్నమాట.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం ఒకటి. వెలుగు 1,350 కోట్ల ఏళ్లు నడిచి వచ్చిందంటే దూరం కూడా 1,350 కోట్ల కాంతి సంవత్సరాలే కదా? కాదు. వెలుగు నడుస్తున్నంతసేపూ దాని వెనకాల దారి సాగుతూనే ఉంది. ఈ రోజు ఆ గెలాక్సీ ఉన్న దూరం 3,300 కోట్ల కాంతి సంవత్సరాలకు పైమాటే. విశ్వం వయసుకు రెండింతలకు మించిన దూరం అని కంగారు పడనక్కర్లేదు. అంత వేగంగా ఏ వస్తువూ పరుగెత్తలేదు, మధ్యలోని శూన్యం పెరిగింది, అంతే.

ఎక్కడ చూడాలి అన్నది ఇంకో ప్రశ్న. ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, ఏమీ లేని చోట చూడాలి. 1995లో హబుల్ సంస్థ అధిపతి రాబర్ట్ విలియమ్స్ తన వంతుకు వచ్చిన సమయంలో పది రోజులు తీసుకెళ్లి, చందమామ వెడల్పులో పన్నెండో వంతు ఉన్న ఖాళీ ముక్క మీద పెట్టారు. వద్దని చెప్పిన పెద్దలున్నారు. ఆ ఖాళీలో దాదాపు 3,000 గెలాక్సీలు బయటపడ్డాయి. పాలపుంత పట్టీ వైపు చూస్తే మన నక్షత్రాలు, మన దుమ్ము అడ్డం. అందుకే దానికి దూరంగా ఉన్న కిటికీలు ఎంచుకుంటారు. ఇప్పటికీ అదే పద్ధతి.

ఇంకో ఉపాయం, దారిలో ఉన్న పెద్ద గెలాక్సీ గుంపును భూతద్దంలా వాడుకోవడం. గుంపు బరువుకు దాని వెనకాల ఉన్న గెలాక్సీ వెలుగు వంగి పెద్దదై కనబడుతుంది. పుణేలోని నేషనల్ సెంటర్ ఫర్ రేడియో ఆస్ట్రోఫిజిక్స్‌లో రాశీ జైన్, యోగేశ్ వాడదేకర్ 2025లో ప్రకటించిన అలకనంద గెలాక్సీ అట్లాంటి గుంపు వెనకాల దొరికిందే. ఆ గుంపు పేరు ఏబెల్ 2744. అలకనంద మరీ తొలి గెలాక్సీ కాదు, విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయసప్పటిది. కానీ అప్పటికే అందంగా చుట్టుకున్న రెండు చేతులున్నాయి దానికి. అట్లాంటి చక్కదనం రావడానికి ఇంకా చాలాకాలం పడుతుందని అప్పటిదాకా అందరి నమ్మకం. వాళ్లు సొంతంగా టెలిస్కోపు తిప్పలేదు. వెబ్ తీసి అందరికీ ఇచ్చేసిన బొమ్మల్లోనే వెతికారు.

ఇక్కడిదాకా చెప్పింది ఒక పద్ధతి, ఒక్కో గెలాక్సీని పట్టుకోవడం. ఇంకో పద్ధతి ఉంది. అది మన తెలుగు నేల మీదే జరిగింది, దాని సంగతి మనలో చాలా కొద్దిమందికే తెలుసు.

నిజామాబాద్ ఆకాశవాణి ఎఫ్‌ఎం 103.2 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ అంకె గుర్తు పెట్టుకోండి. మామూలు హైడ్రోజన్ పరమాణువులో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. వాటి స్పిన్‌లు ఒకే వైపు ఉన్న స్థితి నుంచి ఎదురెదురు స్థితికి మారినప్పుడు చిన్న రేడియో తరంగం వెలువడుతుంది. పొడుగు 21 సెంటీమీటర్లు, పౌనఃపున్యం 1,420.4 మెగాహెర్ట్జ్. ఒంటరి పరమాణువు ఆ పని చేయడానికి సగటున కోటి ఏళ్లకు పైగా పడుతుంది. కానీ విశ్వం నిండా హైడ్రోజనే కాబట్టి, ఎక్కడో ఒక పరమాణువు మారుతూనే ఉంటుంది. 1944లో శాస్త్రవేత్త వాన్ డె హల్స్ట్ ఈ తరంగం ఉంటుందని చెప్పాడు, 1951లో ఎవెన్, పర్సెల్ పట్టుకున్నారు.

ఇప్పుడు సాగుదల లెక్క దీనికీ వేయండి. 1,420.4ని 103.2తో భాగిస్తే 13.76. ఒకటి తీసేస్తే రెడ్‌షిఫ్ట్ 12.76. అంటే విశ్వానికి ముప్ఫై నలభై కోట్ల ఏళ్ల మధ్య వయసున్నప్పుడు హైడ్రోజన్ పంపిన రేడియో తరంగం సరిగ్గా మన నిజామాబాద్ స్టేషను చోటుకే వచ్చి చేరింది. గెలాక్సీలు పుట్టి చుట్టూ ఉన్న వాయువును వేడి చేస్తే ఆ తరంగం బలం మారుతుంది, వాటి వెలుగు హైడ్రోజన్‌ను చీల్చేస్తే తరంగమే మాయమవుతుంది. కాబట్టి ఆకాశమంతటి నుంచి వచ్చే ఈ సన్నటి రేడియో ధ్వనిని పౌనఃపున్యం వారీగా కొలిస్తే, ఒక్క గెలాక్సీని కూడా చూడకుండానే తొలి గెలాక్సీలన్నీ ఎప్పుడు పుట్టాయో, ఎంత వేడి పుట్టించాయో చెప్పవచ్చు.

చిక్కు ఏమిటంటే ఆ ధ్వని చాలా బలహీనం. పాత రేడియోలో స్టేషన్ల మధ్య ముల్లు ఆపితే వచ్చే బుస్సుమనే చప్పుడులో కొంత భాగం మన పాలపుంత నుంచి వచ్చేదే. రేడియో హోరు బలాన్ని ఉష్ణోగ్రత కొలత అయిన కెల్విన్లలో చెబుతారు. ఆ పాలపుంత హోరు వందల నుంచి వేల కెల్విన్లు ఉంటే, మనం వెతికేది కెల్విన్‌లో పదో వంతు. దాని పైన ఎఫ్‌ఎం స్టేషన్లు, విమానాలకు తగిలి తిరిగొచ్చే ప్రసారాలు, సెల్ టవర్లు, మోటార్లు. డిచ్‌పల్లిలో ఈ పని పెట్టుకుంటే ఆకాశవాణి పాటలు తప్ప ఇంకేమీ వినబడవు.

బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థ వాళ్లకూ ఇదే ఇబ్బంది. వాళ్లు తయారుచేసిన పరికరం పేరు సరస్. దాని రెండో రూపాన్ని పెట్టడానికి వాళ్లు ఎంచుకున్న చోటు చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు. అప్పుడు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. డిచ్‌పల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని హైదరాబాదు, కర్నూలు, అనంతపురం దాటి ఐదు వందల కిలోమీటర్లకు పైగా దక్షిణానికి పోతే ఆ చుట్టుపక్కలకే చేరతాం. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు కలిసి 32 ఎకరాల బీడు కొని, మళ్లీ చెట్లు మొలిపించి, సౌర విద్యుత్తుతో బతకడం మొదలుపెట్టిన చోటు అది. చుట్టూ గుట్టలు, దగ్గరలో పట్నం లేదు. రేడియో చప్పుళ్లు గుట్టల అవతలే ఆగిపోతాయి. సేద్యం కోసం కాపాడుకున్న లోయ తొలి గెలాక్సీల వేటకు పనికొచ్చింది.

సరస్-2 చూడటానికి టెలిస్కోపులా ఉండదు. నేల మీద పరిచిన గుండ్రటి లోహపు పళ్లెం, దాని మీద ఒక లోహపు గోళం. అద్దం లేదు, గొట్టం లేదు, ఎటువైపూ తిప్పే పని లేదు. ఆకాశం మొత్తాన్ని ఒకేసారి వింటుంది. సంకేతాన్ని దూరంగా ఉన్న మిగతా పరికరాలకు ఫైబర్ తీగతో పంపుతారు. ఎందుకంటే రాగితీగ పెడితే అదే ఇంకో యాంటెనా అయి కూర్చుంటుంది. అది విన్నది 110 నుంచి 200 మెగాహెర్ట్జ్ మధ్య, అంటే రెడ్‌షిఫ్ట్ 6 నుంచి 12 దాకా. ఎఫ్‌ఎం పట్టీ 108 దగ్గర ముగుస్తుంది. దానికి సరిగ్గా పైన మొదలుపెట్టడంలోని తెలివి వేరే చెప్పక్కర్లేదు.

ఫలితం? సంకేతం దొరకలేదు. సౌరభ్ సింగ్, రవి సుబ్రహ్మణ్యన్ తదితరులు 2017, 2018లలో ఆ సంగతే రాశారు. దొరకలేదంటే వృథా అనుకోకండి. సిద్ధాంతకర్తల దగ్గర పొడుగాటి జాబితా ఉంది: తొలి గెలాక్సీలు ఇలా ఉంటే సంకేతం ఇంత, అలా ఉంటే అంత అని. వాటిలో బలమైన సంకేతం ఉండాలని చెప్పే కొన్నిటిని టింబక్టు రాత్రులు కొట్టేశాయి. ఎక్స్-కిరణాల వేడి అంతగా లేకుండా, హైడ్రోజన్ గబగబా చీలిపోయిన విశ్వం మనది కాదు అని చెప్పగలిగారు. అనుమానితులను వదిలేస్తూ పోతే మిగిలేది దొంగే కదా.

ఆ తర్వాత కథ ఇంకా రక్తి కట్టింది. 2018లో ఎడ్జెస్ అనే అమెరికా బృందం, పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో పెట్టిన యాంటెనాతో 78 మెగాహెర్ట్జ్ దగ్గర గ్రాఫులో ఒక గుంత, అంటే సంకేతం తగ్గిన చోటు, కనబడిందని ప్రకటించింది. లోతు అర కెల్విన్, అనుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ. నిజమైతే కృష్ణ పదార్థం గురించి కొత్త భౌతికశాస్త్రం రాసుకోవాల్సిందే. వందలాది పేపర్లు వచ్చాయి. రామన్ సంస్థ వాళ్లు మాత్రం వేరే అనుమానంతో ఉన్నారు: యాంటెనా కింది నేల సంగతేమిటి? మట్టి ఒకచోట తడి, ఒకచోట పొడి, లోపల రాయి. రేడియో తరంగాలు వాటికి తగిలి వెనక్కి వచ్చి లేని గుంతను పుట్టించవచ్చు. నేలతో తగవెందుకని వాళ్లు నీటి మీదికి వెళ్లారు. 2020 మొదట్లో సరస్-3 యాంటెనాను తెప్ప మీద పెట్టి కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువులో, శరావతి వెనకజలాల్లో తేలించారు. నీరు అన్నివైపులా ఒకేలా ఉంటుంది, కిందికి లోతుగా ఉంటుంది, అందుకని యాంటెనా ప్రవర్తన ముందే లెక్క వేసుకోవచ్చు. 2022 ఫిబ్రవరిలో నేచర్ ఆస్ట్రానమీలో ఫలితం వచ్చింది: ఎడ్జెస్ చెప్పిన ఆకారంలో గుంత ఆకాశంలో లేదు, 95.3 శాతం నమ్మకంతో చెబుతున్నాం అని. అదే ఏడాది కేంబ్రిడ్జి వాళ్లతో కలిసి చేసిన లెక్కలో, విశ్వానికి 20 కోట్ల ఏళ్లున్నప్పటి గెలాక్సీలు తమ వాయువులో 3 శాతం కంటే తక్కువనే నక్షత్రాలుగా మార్చి ఉంటాయని ఒక హద్దు గీశారు. కోట్ల డాలర్ల టెలిస్కోపు లేదు, ఒక చెరువు, ఒక తెప్ప, విసుగులేని మనుషులు. వెబ్ తీసిన మంచి ఫొటోల కంటే ఈ పని నాకు ఎక్కువ నచ్చుతుంది, పక్షపాతమనుకున్నా సరే.

మన దేశపు ఇంకో పరికరం సంగతి చెప్పకపోతే లోటు. పుణేకు ఉత్తరాన నారాయణగావ్ దగ్గర ఖోడద్‌లో శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ కట్టించిన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల పళ్లాలు 30 ఉన్నాయి. 150 మెగాహెర్ట్జ్ దగ్గర అది గీసిన ఆకాశపటంలోనే ఆయుష్ సక్సేనా బృందం 2018లో రెడ్‌షిఫ్ట్ 5.72 ఉన్న రేడియో గెలాక్సీని వెతికి తీసింది. రేడియోలో గట్టిగా వెలిగే గెలాక్సీల్లో అప్పటికి అదే అత్యంత దూరంది. 2023లో అదే జీఎంఆర్‌టీ ఒక్క గెలాక్సీలోని 21 సెంటీమీటర్ల గీతను రెడ్‌షిఫ్ట్ 1.29 నుంచి పట్టింది. ముందు ఇంకో గెలాక్సీ భూతద్దంగా నిలబడి సంకేతాన్ని ముప్ఫై రెట్లు పెంచబట్టి సాధ్యమైంది. పద్నాలుగు ఎక్కడ, ఒకటీ పాతిక ఎక్కడ అనిపించవచ్చు. చల్లటి హైడ్రోజన్‌ను నేరుగా చూడటం అంత కష్టం మరి.

ఇంకా వెనక్కి పోవచ్చా? పరారుణంలో వెబ్‌కు చోటుంది. రెడ్‌షిఫ్ట్ 20 అయినా అంచు 2.55 మైక్రాన్ల దగ్గరే పడుతుంది, అది దాని చూపులోనే ఉంది. కాకపోతే అక్కడ వెలిగే గెలాక్సీలు మరీ అరుదు, మరీ మసక. గంటల కొద్దీ ఒకే చోటును చూస్తూ కూర్చోవాలి. రేడియోలో మాత్రం భూమి మీద ఇక నిశ్శబ్దం దొరకడం కష్టమైపోతోంది. టింబక్టు లోయలైనా, శరావతి వెనకజలాలైనా ఎఫ్‌ఎం పట్టీ పూర్తిగా ఖాళీగా ఉండదు. అందుకే రామన్ సంస్థ ప్రత్యూష్ అనే పరికరాన్ని చందమామ చుట్టూ తిప్పాలని ప్రతిపాదించింది. చందమామ వెనక్కి వెళ్లినప్పుడు మధ్యలో మూడున్నర వేల కిలోమీటర్ల మందాన రాయి అడ్డం ఉంటుంది, భూమి మీది ఒక్క స్టేషనూ వినబడదు. అక్కడ విని, ఇటువైపు వచ్చాక భూమికి పంపాలన్నది ఆలోచన.

మరి డిచ్‌పల్లిలో చదువుకునే వాళ్లు ఏం చేయొచ్చు? ఆ చాయ్ బండి దగ్గరి విద్యార్థికి నేను చెప్పింది ఇదే. వెబ్ వర్ణపటాల్లో చాలావాటికి డబ్బు కట్టక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. పైథాన్ కొద్దిగా వస్తే చాలు, ఫైలు దించుకొని గ్రాఫు గీయొచ్చు. వెబ్ చేసిన జేడ్స్ సర్వే గెలాక్సీల నుంచి ఒకటి తీసుకో, అంచు ఎక్కడ తెగిందో చూడు, 0.1216తో భాగించు, ఒకటి తీసెయ్, పేపర్‌లో వాళ్లు రాసిన అంకెతో పోల్చు. మొదటిసారి సరిపోదు. చుక్కల్లో చప్పుడు ఉంటుంది, అంచు నిలువుగా కాకుండా వాలుగా ఉంటుంది, ఎక్కడ తెగిందో చెప్పడం కష్టమవుతుంది. అక్కడి నుంచే అసలు పని మొదలు. ఎందుకు వాలింది? పరికరం వల్లనా, గెలాక్సీ చుట్టూ ఉన్న వాయువు వల్లనా? ఈ ఒక్క ప్రశ్న మీదే ఇప్పుడు బోలెడన్ని పేపర్లు వస్తున్నాయి.